విత్తే తేదీకి లెక్క: అనంతపురం కరువు పీఠభూమిలో వర్షమాపకం నుంచి క్లౌడ్ వేదిక దాకా

వ్యాససంగ్రహం

వర్షాధార వేరుశనగ సాగులో రైతు తీసుకునే నిర్ణయాలన్నింటిలో విత్తే తేదీ కీలకమైనది. అనంతపురం కరువు పీఠభూమిలో ఆ తేదీని నిర్ణయించడానికి కార్తె, పదును, వర్షమాపకం, పంట నమూనా అనే సాధనాలు వేర్వేరు కాలాల్లో ఏర్పడ్డాయి. 2016లో ఈ పీఠభూమి ఉత్తర భాగంలోని దేవనకొండ మండలంలో జరిగిన ప్రయోగంతో క్లౌడ్ వేదిక కూడా ఈ వరుసలో చేరింది. క్లౌడ్ వేదిక ఎలా నిర్మితమైంది, వ్యాపార సంస్థలు దానిని ఎందుకు స్వీకరించాయి, ఆ స్వీకరణ సూత్రాలు మెట్టసేద్యానికి ఎంతవరకు వర్తించాయి అనే ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. వేదిక అద్దెకిచ్చింది గణనశక్తిని మాత్రమే. ఆ గణనకు ఆధారమైన వర్షపు నమోదులు, పరిశోధన, గ్రామీణ విశ్వాసం ప్రజాసంస్థల దీర్ఘకాలిక శ్రమఫలాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనంతపురం, వేరుశనగ, కార్తె, పదును, క్లౌడ్ వేదిక, అజూర్, ఇక్రిశాట్, దేవనకొండ.

1. ఉపోద్ఘాతం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి రుతుపవనాల తేమలో అధికభాగం పడమటి కనుమల మీదనే కురిసిపోతుంది. తూర్పు తీరానికి దూరంగా ఉండడంవల్ల ఈశాన్య రుతుపవనాల మేలు కూడా అంతంతమాత్రమే. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షం కురిసే జిల్లాగా దీనిని పేర్కొనడం పరిపాటి. అయితే సేద్యాన్ని దెబ్బతీసేది వర్షం తక్కువ కావడం ఒక్కటే కాదు, అది పడే తీరు కూడా. ఏడాది మొత్తం వర్షం సగటుకు చేరిన సంవత్సరంలో కూడా రెండు వానల నడుమ నెల రోజుల బెట్ట వస్తే పంట చేతికి రాదు.

ఈ నేలలో ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో చిరుధాన్యాలను తోసిరాజని వేరుశనగ విస్తరించింది. ఆ శతాబ్ది చివరికి జిల్లాలో దాని సాగు 7 లక్షల హెక్టార్లను మించింది. పలుచని ఎర్రనేలల్లో, నీటి వసతి లేని చోట, నగదు తెచ్చే పంటగా రైతు దానిని ఆశ్రయించాడు. పంటకాలం మూడున్నర నెలలకు కొంచెం అటూ ఇటూ. అందులో ఊడలు దిగే దశ, కాయ ఊరే దశ బెట్టకు తట్టుకోలేవు. ఆ రెండు దశలు ఏ వారాల్లో పడతాయో విత్తిన రోజే తేలిపోతుంది. విత్తనపు ఖర్చు సాగు ఖర్చులో పెద్ద భాగం కాబట్టి ఒకసారి మొలక మాడిపోతే రెండోసారి విత్తే స్తోమత సన్నకారు రైతుకు ఉండదు. ఒక రైతు జీవితకాలంలో ఇలాంటి నిర్ణయాలు నలభై, యాభైకి మించవు. ప్రతి నిర్ణయం వెనుకా ఒక ఏడాది బతుకు, తరచుగా ఒక అప్పు ఉంటాయి. 1990ల చివరినుంచి రైతుల ఆత్మహత్యలతో ఈ జిల్లా దేశం దృష్టికి వచ్చిందన్న సంగతిని గుర్తుచేసుకుంటే ఆ నిర్ణయం బరువు అర్థమవుతుంది.

ఆ తేదీని తెలుసుకోవడానికి రైతు దగ్గర పూర్వంనుంచీ రెండు కొలమానాలున్నాయి. ఒకటి కార్తె, రెండవది పదును. కార్తె సూర్యుడి నక్షత్ర సంచారాన్నిబట్టి సుమారు పద్నాలుగు రోజులకొకసారి మారే కాలవిభాగం. జూన్ మొదటివారం చివర మృగశిర, జూన్ మూడోవారం చివర ఆరుద్ర, జూలై మొదటివారంలో పునర్వసు, మూడోవారంలో పుష్యమి ప్రవేశిస్తాయి. పదును అంటే విత్తనం మొలిచి నిలదొక్కుకోవడానికి తగినంతగా నేల లోపలి తేమ. కార్తె అన్ని ఊళ్లకూ ఒకటే. పదును మాత్రం ప్రతి చేనుకూ వేరు. మొదటిది పంచాంగంలో దొరుకుతుంది. రెండవది మట్టిని పిడికిట పట్టి చూస్తేనే తెలుస్తుంది. విత్తే తేదీకి సంబంధించి తరువాత వచ్చిన శాస్త్రీయ ప్రయత్నాలన్నీ ఈ రెండింటినీ అంకెలుగా మార్చే ప్రయత్నాలే.

2. వర్షపు నమోదుల చరిత్ర

1876-78 నాటి మహాక్షామం దత్తమండలాలను అతలాకుతలం చేసింది. తెలుగువారి జ్ఞాపకంలో అది ధాత కరువుగా నిలిచింది. ఆ కాలంలోనే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1880 నాటి క్షామ సంఘం వర్షపాతం, పంటల స్థితి గురించిన సమాచారాన్ని క్రమంగా సేకరించవలసిన అవసరాన్ని నొక్కిచెప్పింది. 1882లో బళ్లారి జిల్లానుంచి అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. తాలూకా కచేరీల ఆవరణలో నిలిపిన వర్షమాపకాలు, వాటి కొలతలు రాసే రిజిస్టర్లు పరిపాలనలో భాగమయ్యాయి. డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన 1905 నాటి జిల్లా గెజిటీర్ అనంతపురం వర్షపాతానికీ కరువులకూ తగిన స్థానం కల్పించింది.

ఈ నమోదుల ప్రయోజనం మొదట రైతుకోసం ఉద్దేశించినది కాదు. శిస్తు మాఫీ ఇవ్వాలా వద్దా, కరువు పనులు ఎప్పుడు మొదలుపెట్టాలి అనే నిర్ణయాలకు ప్రభుత్వానికి అంకెలు కావలసివచ్చాయి. అయినా ఏ ప్రయోజనంకోసం రాసినా, ఏళ్ల తరబడి ఒకే చోట ఒకే పద్ధతిలో రాసిన కొలత తరువాతి తరాలకు మరో ప్రయోజనాన్ని ఇవ్వగలిగింది. వాన కురిసిన ప్రతి ఉదయం కొలపాత్రలోని నీటిమట్టాన్ని చూసి పుస్తకంలో ఎక్కించిన కచేరీ ఉద్యోగుల పని ఈ చరిత్రకు పునాది.

స్వాతంత్ర్యానంతరం ఆ పునాదిమీద మెట్టసేద్య పరిశోధన నిర్మితమైంది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. వేరుశనగ దాని ప్రధాన పంటల్లో ఒకటి. 1985లో హైదరాబాద్‌లో కేంద్రీయ మెట్టవ్యవసాయ పరిశోధనా సంస్థ, క్రీడా, రూపుదిద్దుకుంది. అఖిల భారత సమన్వయ వ్యవసాయ వాతావరణ పరిశోధన పథకానికి అనంతపురం ఒక కేంద్రమైంది. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానంనుంచి 2002లో వెలువడిన కదిరి-6 రకం రాయలసీమ అంతటా వ్యాపించింది.

విత్తే తేదీ సమస్య కంప్యూటర్ ముందుకు వచ్చింది కూడా క్లౌడ్ వేదికలు పుట్టకముందే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సులోచనా గాడ్గిల్, ఆమె సహపరిశోధకులు 1990ల చివర అనంతపురం ప్రాంతపు వర్షాధార వేరుశనగను పంట పెరుగుదల నమూనా సహాయంతో అధ్యయనం చేశారు. దీర్ఘకాలపు వర్షపాత నమోదులను ఆ నమూనాకు ఆహారంగా ఇచ్చి, విత్తే తేదీ మారితే దిగుబడి అవకాశాలు ఎలా మారుతాయో పరిశీలించారు. అంటే విత్తే తేదీకి శాస్త్రీయమైన లెక్క కట్టవచ్చునని గత శతాబ్ది ముగియకముందే, ఈ జిల్లా విషయంలోనే, స్పష్టమైంది. అయితే ఆ లెక్క పరిశోధనా పత్రంలో ఉంది. జూన్ నెలలో గొర్రు కట్టడానికి సిద్ధమైన రైతుకు, ఆ ఏటి వానలనుబట్టి, ఆ వారమే అందే మార్గం లేదు. జ్ఞానానికీ అది చేరవలసిన చోటుకూ నడుమ మిగిలిన ఈ దూరమే తరువాతి కథకు మూలం.

3. క్లౌడ్ వేదిక నిర్మాణం

గణనశక్తిని విద్యుత్తులాగా, తాగునీటిలాగా వాడుకున్నంతకు డబ్బు కట్టి పొందవచ్చునన్న భావన కొత్తది కాదు. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లోనే దానిని ప్రతిపాదించాడు. ఒకే యంత్రాన్ని అనేక మిథ్యాయంత్రాలుగా విభజించి, ప్రతి వాడుకరికీ తనకొక సొంత కంప్యూటర్ ఉన్నట్లు చూపే పద్ధతిని ఐబీఎం 1960లలో అభివృద్ధిచేసి, 1972లో వీఎం/370 పేరుతో విడుదల చేసింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంనుంచి వెలువడిన జెన్ అనే మృదూపకరణం ఈ పద్ధతిని చవకైన సాధారణ సర్వర్లకు విస్తృతంగా అందించింది. 2006 మార్చిలో అమెజాన్ నిల్వ సేవను, అదే ఏడాది ఆగస్టులో గణన సేవను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఆ గణన సేవ తొలి రూపం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఒక చిన్న బృందం చేతిలో తయారైంది.

క్లౌడ్ వేదిక నిర్మాణాన్ని స్థూలంగా నాలుగు అంచెలుగా అర్థం చేసుకోవచ్చు. అడుగున వేల సర్వర్లు, వాటికి విద్యుత్తు, చల్లదనం, తంతి అనుసంధానం సమకూర్చే భవనం ఉంటుంది. దానిమీద ఒక్కొక్క సర్వరును అనేక మిథ్యాయంత్రాలుగా పంచే పొర ఉంటుంది. ఆపైన ఏ పనిని ఏ యంత్రంమీద నడపాలి, ఏ యంత్రం పాడైతే ఆ పనిని ఎక్కడికి మార్చాలి అని నిర్ణయించే నియంత్రణ పొర ఉంటుంది. దత్తాంశాన్ని ఒకటికి మూడు ప్రతులుగా వేర్వేరు చోట్ల దాచడంవల్ల ఒక డిస్కు చెడినా సమాచారం పోదు. అన్నిటికంటే పైన వాడకాన్ని కొలిచి బిల్లు వేసే మీటరు ఉంటుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2011లో ఇచ్చిన నిర్వచనం కూడా అడిగిన వెంటనే స్వయంగా పొందడం, వనరులను ఉమ్మడిగా పంచుకోవడం, అవసరాన్నిబట్టి పెంచుకోవడం, తగ్గించుకోవడం, వాడకాన్ని కొలవడం వంటి లక్షణాలనే ప్రధానంగా పేర్కొంది.

దేవనకొండ ప్రయోగానికి ఆధారమైన వేదిక మైక్రోసాఫ్ట్ వారి అజూర్. ‘రెడ్ డాగ్’ అనే గుప్తనామంతో మొదలైన ఈ పథకాన్ని 2008 అక్టోబరు 27న లాస్ ఏంజెలెస్‌లో ప్రకటించారు. 2010 ఫిబ్రవరి 1నుంచి అది వాణిజ్య సేవగా అందుబాటులోకి వచ్చింది. విండోస్ అజూర్ అన్న తొలి పేరు 2014లో మైక్రోసాఫ్ట్ అజూర్‌గా మారింది. ఈ వేదికకు తెలుగునేలతో పరోక్ష సంబంధాలు రెండున్నాయి. మొదటిది, ఆ సంస్థ 1998లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పడం. రెండవది, 2011లో అజూర్‌తో కూడిన సర్వర్ విభాగపు బాధ్యతలు చేపట్టి, 2014 ఫిబ్రవరి 4న సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడైన సత్య నాదెళ్ల కుటుంబమూలాలు అనంతపురం జిల్లాలో ఉండడం. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ స్వగ్రామం యల్లనూరు మండలంలోని బుక్కాపురం.

ఈ రెండవ సంబంధానికి కారణకార్య భావాన్ని ఆపాదించడం చరిత్ర పద్ధతి కాదు. అయితే యుగంధర్ పనిచేసిన రంగం ఈ వ్యాసవిషయానికి సన్నిహితమైనది. ఆయన కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా, అనంతరం ప్రణాళికా సంఘ సభ్యుడిగా పనిచేశాడు. కరువు ప్రాంతాల అభివృద్ధిపై ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా రూపొందిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చాయి. పడిన వానను పడినచోటే నిలపాలి, ఆ పనిని గ్రామస్థులే నిర్వహించాలి అన్నది ఆ విధానపు సారాంశం. కరువు సీమను అర్థంచేసుకోవడానికి స్థానిక సంస్థలు ముఖ్యమన్న ఈ అవగాహన, 2016 ప్రయోగాన్ని పరిశీలించేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

4. వ్యాపార సంస్థలు స్వీకరించిన తీరు

క్లౌడ్ వేదికను వ్యాపార సంస్థలు స్వీకరించడానికి మూలకారణం ఆర్థికం. సొంత సర్వర్లు కొనే సంస్థ తన అత్యధిక రద్దీకి సరిపడే యంత్రాలను ముందే కొనాలి. రద్దీ లేని రోజుల్లో అవి ఊరకే ఉంటాయి. అద్దె పద్ధతిలో మూలధన వ్యయం నెలవారీ నిర్వహణ వ్యయంగా మారుతుంది. దీనికి తెలుగువారికి పరిచితమైన ఉదాహరణ రెడ్‌బస్. దీపావళికి బెంగళూరునుంచి హైదరాబాద్ వెళ్లడానికి బస్సు టికెట్ దొరకని అనుభవంనుంచి ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు 2006లో ఆ సంస్థను స్థాపించారు. అనంతపురం మీదుగా సాగే ఆ రహదారిలో పండగనాటి రద్దీకీ మామూలు రోజుల రద్దీకీ పోలిక ఉండదు. కొన్ని రోజులపాటు ఎక్కువ, తక్కిన రోజుల్లో తక్కువ గణనశక్తి కావలసిన ఇలాంటి వ్యాపారానికి అద్దె సర్వర్లు సహజంగా సరిపోయాయి. ఆ సంస్థ అమెజాన్ క్లౌడ్‌ను వాడుకుంది.

రెండవ అంశం వేదికే వాడుకరికి అనుగుణంగా మారడం. అజూర్ తొలిరూపంలో సంస్థలు తమ అనువర్తనాలను వేదిక విధించిన పద్ధతిలో కొత్తగా రాసుకోవలసి ఉండేది. చాలా సంస్థలకు కావలసింది అది కాదు. ఏళ్లుగా నడుస్తున్న తమ పాత వ్యవస్థలను ఉన్నవి ఉన్నట్లుగా అద్దె యంత్రాలమీదికి మార్చుకోవాలన్నదే వాటి కోరిక. మైక్రోసాఫ్ట్ 2012లో లినక్స్‌తో సహా మిథ్యాయంత్రాలను పరిశీలనార్థం విడుదల చేసి, 2013 ఏప్రిల్‌లో పూర్తిస్థాయి సేవగా ప్రవేశపెట్టింది. తనకు పోటీ అయిన నిర్వహణ వ్యవస్థకు కూడా తన వేదికమీద చోటివ్వడం ఆ సంస్థ చరిత్రలో పెద్ద మలుపు. వేదిక ఎంత గొప్పదైనా వాడుకరి చేతిలో అప్పటికే ఉన్న సాధనానికి వంగితేనే అది వ్యాపించగలదని ఈ మలుపు నిరూపించింది.

మూడవ అంశం నమ్మకం. తమ దత్తాంశం ఏ దేశంలో, ఎవరి అధీనంలో ఉంటుందన్న సందేహం బ్యాంకులనూ ప్రభుత్వ శాఖలనూ చాలాకాలం వెనక్కి లాగింది. 2015 సెప్టెంబరులో పుణె, చెన్నై, ముంబయిలలో అజూర్ ప్రాంతీయ కేంద్రాలు తెరుచుకున్నాయి. 2016 జూన్‌లో ముంబయిలోనూ, 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ అమెజాన్ కేంద్రాలు వచ్చాయి. చెల్లింపుల దత్తాంశాన్ని దేశంలోనే నిల్వచేయాలని భారతీయ రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఈ విధంగా ధర, అనుకూలత, నమ్మకం అనే మూడింటిమీద క్లౌడ్ స్వీకరణ ఆధారపడిందని చెప్పవచ్చు. ఇదే కొలమానంతో దేవనకొండ ప్రయోగాన్ని పరిశీలించడం సమంజసం.

5. దేవనకొండ ప్రయోగం, 2016

అనంతపురం జిల్లా ఉత్తరపు హద్దు దాటి కొంతదూరం పోతే కర్నూలు జిల్లా దేవనకొండ మండలం వస్తుంది. జిల్లా పేరు మారినా అదే మెట్ట, అదే వేరుశనగ, అదే వానకోసం ఎదురుచూపు. 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఈ మండలంలోని ఏడు గ్రామాల్లో 175 మంది రైతులతో విత్తే తేదీ సలహా ప్రయోగాన్ని చేపట్టాయి. రాష్ట్రంలో అప్పటికే ఇక్రిశాట్ సహకారంతో ‘రైతు కోసం’ పథకం నడుస్తున్నది. మట్టి పరీక్షలు, క్షేత్రస్థాయి పరిచయాలు ఆ పథకంద్వారా సమకూరాయి.

ప్రయోగంలోని లెక్క ఇలా సాగింది. 1986నుంచి 2015 దాకా 30 ఏళ్ల వాతావరణ దత్తాంశాన్ని తీసుకున్నారు. దానినుంచి తేమ సమృద్ధి సూచికను గణించారు. పంటకు నీటి కొరతే లేకపోతే ఎంత నీరు ఆవిరిగా పోగలదో, ఉన్న తేమతో నిజంగా ఎంత పోతున్నదో, ఈ రెండింటి నిష్పత్తియే ఆ సూచిక. నిష్పత్తి ఒకటికి దగ్గరయ్యేకొద్దీ నేలలో పంటకు సరిపడే తేమ ఉన్నట్లు. రైతు భాషలో చెప్పాలంటే ఇది పదునుకు పెట్టిన అంకె. ఆ ఏటి వాతావరణ సూచనలను కూడా జోడించి, అజూర్‌పై నడిచే యంత్రాభ్యసన సాధనాలతో అనువైన విత్తు వారాన్ని అంచనా వేశారు. ఫలితం తెలుగులో సంక్షిప్త సందేశంగా రైతు ఫోనుకు చేరింది. విత్తే తేదీతో ఆగక విత్తనశుద్ధి, విత్తే లోతు, ఎరువుల మోతాదు వంటి విషయాలతో కోతలు ముగిసేదాకా మొత్తం పది సలహాలు పంపారు.

సంప్రదాయంగా విత్తే జూన్ మొదటివారానికి దాదాపు మూడు వారాల తరువాత, జూన్ చివరివారంలో విత్తమని వేదిక సూచించింది. కార్తెల లెక్కలో ఇది మృగశిరను వదిలి ఆరుద్ర దాకా ఆగడం. మృగశిరలో వాన పడగానే విత్తడం తరతరాల అలవాటైనచోట, దున్ని సిద్ధంగా ఉన్న చేనును మూడు వారాలపాటు అలా వదిలేయడం చిన్న విషయం కాదు. పక్కచేనువాడు గొర్రు తోలుతుంటే చేతులు కట్టుకుని చూడడానికి ఫోనులో వచ్చిన నాలుగు పంక్తులు చాలవు. ఆ పంక్తుల వెనుక పరిచితమైన సంస్థ ఉండాలి.

వ్యాపార స్వీకరణలో కనిపించిన మూడు అంశాలూ ఇక్కడ కూడా కనిపిస్తాయి. ధర విషయంలో, ఈ గణన అవసరం ఏడాదంతా ఉండదు. విత్తే కాలంలో కొన్ని వారాలు బరువుగా, తక్కిన కాలమంతా తేలికగా ఉంటుంది. పండగరోజుల బస్సు రద్దీకీ తొలకరి వారాల లెక్కకూ స్వభావంలో పోలిక ఉంది. అద్దె గణనకు ఇది తగిన పని. అనుకూలత విషయంలో, రైతు పొలంలో ఏ పరికరమూ అమర్చలేదు, స్మార్ట్‌ఫోను కొనమని అడగలేదు. చేతిలో ఉన్న మామూలు ఫోనుకే సందేశం వచ్చింది. సంస్థల పాత సర్వర్లకు వేదిక ఎలా వంగిందో, ఇక్కడ రైతు పాత ఫోనుకు అలాగే వంగింది. ఇక నమ్మకం మాత్రం వేదికనుంచి కాక, దశాబ్దాలుగా ఈ ప్రాంతంలో పనిచేస్తున్న పరిశోధనా సంస్థనుంచీ ప్రభుత్వ యంత్రాంగంనుంచీ వచ్చింది.

6. ఫలితాల పరిశీలన

సలహా పాటించిన రైతుల దిగుబడి సగటున 30 శాతం ఎక్కువగా వచ్చినట్లు నిర్వాహక సంస్థలు ప్రకటించాయి. 2017 ఖరీఫ్‌లో ప్రయోగాన్ని ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో 3,000 మందికి పైగా రైతులకు విస్తరించారు. వేర్వేరు పంటల్లో 10నుంచి 30 శాతం దాకా పెరుగుదల నమోదైనట్లు తెలిపారు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. మొదటిది, ఇవి ప్రయోగం నిర్వహించినవారే ఇచ్చిన అంకెలు. రెండవది, 175 మంది, ఏడు గ్రామాలు, ఒక ఖరీఫ్ అనేవి వర్షపు వైవిధ్యాన్ని పట్టుకోవడానికి చాలవు. ఈ పీఠభూమిలో ఏ రెండు ఖరీఫ్‌లూ ఒకే తీరుగా ఉండవు కాబట్టి, ఆలస్యంగా విత్తడం ఒక ఏడాది మేలుచేస్తే మరో ఏడాది కీడుచేయవచ్చు. మూడవది, తేదీ సలహాతోపాటు విత్తనశుద్ధి, ఎరువుల సలహాలూ అందాయి. పెరిగిన దిగుబడిలో తేదీ వాటా ఎంత, తక్కినవాటి వాటా ఎంత అని విడదీయడం కష్టం. అంతమాత్రాన ప్రయోగం విలువ తగ్గదు. అది నిరూపించింది దిగుబడి శాతాన్ని కాదు, లెక్క సకాలంలో చేనుదాకా చేరగలదన్న విషయాన్ని. 1990ల చివర పరిశోధనా పత్రంలో ఆగిపోయిన జ్ఞానానికి 2016లో దారి దొరికింది.

అదే 2016 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో మరో దృశ్యం కనిపించింది. ఆగస్టులో బెట్ట వచ్చి వేరుశనగ వాడిపోతుంటే రాష్ట్ర ప్రభుత్వం రెయిన్ గన్‌లతో రక్షక తడులు ఇవ్వడానికి పూనుకుంది. ముఖ్యమంత్రి స్వయంగా జిల్లాలో ఉండి ఆ పనిని పర్యవేక్షించాడు. అంతకుముందు, ఈ శతాబ్ది తొలి దశకంలో, మేఘమథనం పేరుతో విమానాలద్వారా మబ్బుల్లో రసాయనాలు చల్లే కార్యక్రమం రాష్ట్రంలో నడిచింది. వానను రప్పించడం, వాడే పంటకు నీరు తోలడం, వానకు తగినట్లు తేదీని మార్చడం అనేవి కరువు పట్ల మూడు వేర్వేరు దృక్పథాలు. మొదటి రెండూ ప్రకృతి లోటును పూడ్చడానికి ప్రయత్నించాయి. మూడవది ఆ లోటును అంగీకరించి, దానిలోని క్రమాన్ని వెతికింది. పూర్వపు రైతు కార్తెలతో చేసినదీ ఈ మూడవ పనే. ఆ రకంగా చూస్తే క్లౌడ్ వేదికమీది లెక్క సంప్రదాయానికి విరుద్ధం కాదు, దానికి కొనసాగింపు.

7. దత్తాంశం ఎవరిది?

వ్యాపార సంస్థకు క్లౌడ్ వేదికతో లిఖిత ఒప్పందం ఉంటుంది. సేవ ఆగితే పరిహారం, దత్తాంశాన్ని వెనక్కి తీసుకునే హక్కు, వేదికను మార్చుకునే స్వేచ్ఛ అందులో రాసి ఉంటాయి. సందేశం అందుకున్న రైతుకు అలాంటి ఒప్పందం లేదు. సలహా తప్పితే నష్టం అతనిదే. తన చేను, తన పంట, తన దిగుబడి గురించిన సమాచారం వేదికలో చేరితే, దానిమీద అతనికున్న అధికారం ఏమిటన్నది ప్రయోగాల చర్చల్లో అరుదుగా వినిపించే ప్రశ్న. వాడుకరి, దత్తాంశదాత ఒకే వ్యక్తి అయి, ఒప్పందంలో పక్షం మాత్రం కాకపోవడం ఇక్కడి విశేషం.

ప్రభుత్వ మేఘం ఈ ప్రశ్నకు ఒక పాక్షిక సమాధానం. భారత ప్రభుత్వం ‘మేఘరాజ్’ పేరుతో క్లౌడ్ విధానాన్ని 2013లో ప్రకటించింది. 1976లో ఏర్పడిన జాతీయ సూచనా విజ్ఞాన కేంద్రం, నిక్, 2014లో జాతీయ క్లౌడ్ సేవను ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో సాగు వివరాలు ఈ-క్రాప్ నమోదులోకి చేరాయి. 2020 మే 30న ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలు, తరువాత రైతు సేవా కేంద్రాలుగా పేరుమారి, గ్రామంలో ఈ సమాచారం పుట్టే చోట్లయ్యాయి. పూర్వం తాలూకా కచేరీలో ఉండిన రిజిస్టరు ఇప్పుడు గ్రామస్థాయికి దిగి, అద్దె యంత్రాలమీదికి ఎక్కింది. నాడు ఆ రిజిస్టరు శిస్తుకోసం మొదలై రైతుకు పనికొచ్చేదాకా నూరేళ్లకు పైగా పట్టింది. నేటి రిజిస్టరు బీమా పరిహారానికి, రాయితీకి, కొనుగోలుకు ఆధారమవుతున్నది. అయితే విత్తే ముందు రైతుకు మార్గం చూపడంలో దాని పాత్ర ఇంకా విస్తరించవలసి ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన విషయాలు ఇవి. విత్తే తేదీకి శాస్త్రీయమైన లెక్క క్లౌడ్ వేదికతో పుట్టలేదు. తాలూకా వర్షమాపకాలు, వ్యవసాయ వాతావరణ పరిశోధన, పంట నమూనాలు దానిని ముందే సిద్ధంచేశాయి. వేదిక చేర్చింది వేగం, చవకైన విస్తృతి, కాలానుగుణంగా పెరిగి తగ్గే గణనశక్తి. వ్యాపార సంస్థలు ధర, అనుకూలత, నమ్మకం చూసి వేదికను స్వీకరించాయి. దేవనకొండ రైతులు కూడా వాటినే చూశారు. అయితే నమ్మకాన్ని వారు వేదికలో కాక, ఊరికి వచ్చి మాట్లాడిన మనుషుల్లో వెతికారు.

దీనినుంచి విధానపరమైన ఒక హెచ్చరిక కూడా వెలువడుతుంది. గణనను అద్దెకు తెచ్చుకోవచ్చునన్న ధైర్యంతో వర్షమాపకాలను, పరిశోధనా స్థానాలను, క్షేత్రసిబ్బందిని నిర్లక్ష్యం చేస్తే కొన్నేళ్లకు వేదిక దగ్గర లెక్కించడానికి నమ్మదగిన అంకెలే మిగలవు. అద్దె యంత్రం పాడైతే నియంత్రణ పొర క్షణాల్లో మరోదానిని నిలబెడుతుంది. ఒక ఖరీఫ్‌లో కొలవని వానను మరే ఖరీఫ్‌లోనూ కొలవలేం. దేవనకొండ రైతు ఫోనుకు 2016లో వచ్చిన సందేశం వెనుక 30 ఏళ్ల కొలతలున్నాయి. 2046లో రావలసిన సందేశానికి కావలసిన కొలతలను ఈ ఏటినుంచే, ఈ పీఠభూమిలోని ప్రతి మండలంలోనూ రాసిపెట్టవలసి ఉంటుంది.